బండక్క చేతివాటం

ఆ ఇంటి పెరట్లో రాతి గచ్చు పరిచినన్ని రోజులూ బండక్క పొద్దంతా మంచినీళ్లు ముట్టలేదు. తాగితే వెళ్లాల్సి వస్తుంది, వెళ్లడానికి చోటు లేదు. స్నానాలగదికి పెరటివైపు తలుపుంది గానీ, ఆవిడ పనిలోకి దిగిన రోజే దానికి కొత్త తాళం పడింది. ఎందుకని ఆవిడ అడగలేదు.

బండలు పరుస్తుంది కాబట్టి అందరికీ బండక్కే. ఒకప్పుడు చెల్లెలూ తనూ కలిసే పనికి వెళ్లేవాళ్లు. ఒకరు గోడవారకి వెళ్తే ఇంకొకరు దుప్పటి అడ్డం పట్టేవాళ్లు. తర్వాత చెల్లెలు బట్టలు కుట్టే కంపెనీలో చేరింది. అక్కడ ఆడవాళ్లకి వేరే గది ఉందట. అప్పట్నించీ బండక్కకి దుప్పటి పట్టేవాళ్లు లేరు, మాట కలిపేవాళ్లూ లేరు. రాళ్లతోనే మాట్లాడుకుంటుంది. సరిగ్గా కుదురుకోని రాయిని రబ్బరు సుత్తితో తట్టి, "ఏమే, నీకు ఎన్నిసార్లు చెప్పాలే?" అంటుంది.

ఆ మధ్య నడుము నొప్పని వెళ్తే కిడ్నీలో రాయుందన్నాడు డాక్టరు. బయటి రాళ్లు చాలక లోపలొకటా అని ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు. నీళ్లు బాగా తాగమనీ, మళ్లీ నొప్పొస్తే ఆపరేషనేననీ చెప్పాడు.

ఆ ఇంటావిడ పెరటికి మొదట కాంక్రీటు పోయిద్దామనుకున్నారు. రాళ్ల షాపుకెళ్లాక మనసు మారింది. నున్నటి పలకలు చూసి ముచ్చటేసినా తడిస్తే కాలు జారుతుందని గరుకు రాయి ఎంచుకున్నారు. పరిచేదెవరని అడిగితే షాపాయన బండక్క పేరు చెప్పి, "ఆవిడ చేతివాటం ఈ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరండీ" అన్నాడు.

నీళ్లు నిలవకుండా నేలకిచ్చే వాలుని మేస్త్రీలు వాటం అంటారు. అది ఆవిడ చేతిలోనే ఉందని ఆయన మెచ్చుకోలు. ఇంటావిడకి తెలిసిన చేతివాటం ఒకటే, కంటబడిన వస్తువు కొంగుచాటుకి చేరడం. వేరే మనిషి దొరక్క బండక్కనే పిలిచారు. పిలిచి, తాళం కొన్నారు.

బండక్క నేల తవ్వి, దిమ్మిసతో గట్టిపరిచి, కంకర మీద ఇసుక పోసి, దారం లాగి ఒక్కో రాయీ దింపుకుంటూ వచ్చింది. లోపల టీవీ నవ్వులు వినిపించేవి. అప్పుడప్పుడూ కిటికీ తెర కదిలేది. తన పని చూస్తున్నారు కాబోలు అనుకుంది. రోజంతా పలకరించే దిక్కులేని మనిషికి ఆ చూపు కూడా బాగానే అనిపించింది.

ఆఖరి వరసలో నడుము పట్టేసింది. లేవలేక రాళ్ల మీదే ఒరిగిపోయింది. ఇంటావిడ బయటికొచ్చి ఏమైందన్నారు.

"ఏం లేదమ్మా, నీళ్లు తాగక."

"ఎదురుగా కొళాయి పెట్టుకుని తాగకపోవడమేంటి?"

బండక్క తాళం వంక చూసింది. కాసేపటికి పంటి బిగువున లేచి వరస పూర్తిచేసింది. గడప దగ్గర బకెట్టు నీళ్లు కుమ్మరించింది. అవి రాళ్ల మీదుగా మొక్కల్లోకి జారిపోయాయి. ఒక్క చుక్కా నిలవకపోవడం చూసి ఇంటావిడ ఆశ్చర్యపోయారు.

"వాటమమ్మా. షాపాయన నా చేతివాటం గురించి చెప్పే ఉంటాడే?"

ఇంటావిడ లోపలికెళ్లి తాళంచెవి తెచ్చి తలుపు తీశారు. "రా, కాళ్లూ చేతులూ కడుక్కో."

"పనైపోయిందిగా అమ్మా, పోతాను."

మర్నాడు బండక్క ఆసుపత్రిలో చేరింది. పక్కన కూర్చోడానికి చెల్లెలికి సెలవు దొరకలేదు.

ఇంటావిడ పొరపాటు పడ్డారు, పాపం అనొచ్చు మీరు. అంతకుముందు బండక్క పనిచేసిన ఇళ్లలో ఎవరూ ఏ మాటా పొరపాటుగా అర్థం చేసుకోలేదు. అక్కడా తలుపు తెరుచుకోలేదు. మీ ఇంట్లో పని పెట్టుకుంటే, రాయా కాంక్రీటా అని తేల్చుకునేముందు పనికొచ్చే మనిషి ఎక్కడికెళ్లాలో తేల్చండి. మొదటి రోజు పొద్దున్నే మీరే చూపించండి, వాళ్లు నోరు తెరిచి అడగరు. పక్కింట్లో పని జరుగుతుంటే, పనివాళ్లకి చోటు చూపించారా అని ఆ ఇంటివాళ్లని అడగండి. వాళ్లు కాదంటే మీ తలుపు తీయండి.