పిడికెడు తీసినవా?

సోమవారం పొద్దున ఎసరు మరుగుతుండగా నిజామాబాద్ ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేశారు. "అవ్వ పోయింది," అన్నారు. పొయ్యి ఆపేశాను. ఆయన అవ్వ, మా అత్తమ్మ, ఉండి ఉంటే, "ఏడుద్దువు గాని, ముందుగాల పిడికెడు తీసినవా?" అని అడిగేది.

మా బోధన్ చర్చి ఆడవాళ్లకు ఒక అలవాటుంది. అన్నం వండే ప్రతిసారీ పిడికెడు బియ్యం వేరే డబ్బాలో వేస్తాం. ఆదివారం చర్చికి తీసుకుపోతాం. అవి తిండి లేనివాళ్ల ఇళ్లకు చేరతాయి. అత్తమ్మ గట్టిగా ప్రార్థన చేసే మనిషి కాదు. ఆ పిడికెడు వేసేటప్పుడు మాత్రం పెదవులు కదిలేవి.

కొన్నేళ్ల కింద చక్కెర ఫ్యాక్టరీ మూతపడి మా ఆయన పని పోయింది. కొన్నాళ్లు గేటు దాకా పోయి వచ్చేవారు. తర్వాత గోడవైపు తిరిగి పడుకోవడం మొదలైంది. చర్చి మానేశారు, మాట మానేశారు, తిండి కూడా తగ్గిపోయింది. గుమ్మం దగ్గర ఆయన చెప్పులు కనబడకపోతే, ఏం చేసుకుంటారోనని వీధిలోకి పరుగెత్తేదాన్ని. నేను గ్లాసుతో కొలిచి వండే మనిషిని. బియ్యం అడుగంటుతుంటే అత్తమ్మ పిడికిలి చూసి ఒళ్లు మండేది.

"మనకే లేవు కదా అత్తమ్మా?"

"లేవనే తీస్తున్న బిడ్డా. ఉన్ననాడు ఎవలైనా తీస్తరు."

ఒక ఆదివారం చర్చి నుంచి ఇద్దరు ఆడవాళ్లు బియ్యం సంచితో మా గడప ముందు నిలబడ్డారు. మా ఆయన మంచం దిగి వచ్చారు.

"తీస్కపోండ్రి. మేం అడుక్కతినేటోళ్లమా?"

ఎదురింటివాళ్లు తలుపులు తీసి చూస్తున్నారు. ఆయన సంచి మీదికి చెయ్యి చాచారు. సంచిని వీధిలోకి విసిరేస్తారనుకున్నాను. అత్తమ్మ మెల్లగా లేచి, ఆయన పక్కనుంచి వెళ్లి సంచి అందుకుంది.

"కొడుకా, గిన్నేండ్లు మనం ఇచ్చినం గదా. అడుక్కతినేటోళ్లనుకునే ఇచ్చినమా?"

ఆయన గడప వదిలి పక్కకు జరిగారు. ఆమె లోపలికి వచ్చి సంచి విప్పింది. ఆ వచ్చిన బియ్యంలోంచే ముందుగా ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసింది.

"ఇగ ఎసరు పెట్టు, కొలతల కోడలా. ప్రభువు యాళ్ల ప్రభువుకు తెలుసు. మన తిండి యాళ్లకు మనం వండుకుందాం."

ఆ పూట ఆయన కంచం ముందు చాలాసేపు ఊరికే కూర్చున్నారు. ఆమె తినమనలేదు. ఎదురుగా కూర్చుని విసనకర్రతో ఈగలు తోలింది. అన్నం చల్లారిపోయాక తిన్నారు. రైస్ మిల్లులో పని దొరకడానికి ఆ తర్వాత ఇంకా చాలాకాలం పట్టింది. అంతకాలమూ ఆమె అట్లాగే ఎదురుగా కూర్చుంది. ఓపిక అంటే చేతులు కట్టుకుని ఉండటమని నేను అనుకునేదాన్ని. ఆమె ఓపికకు ఎప్పుడూ చేతినిండా పని ఉండేది.

సమాధి చేసి వచ్చిన మర్నాడు మళ్లీ పొయ్యి వెలిగించాను. మా ఆయన వంటింట్లోకి వచ్చి, ఎన్నడూ ముట్టని ఆ డబ్బా మూత తీశారు. ఆమె పోయే ముందురోజు, ఆదివారం, చర్చిలో ఖాళీ చేసి తెచ్చాక, ఆసుపత్రికి బయల్దేరే ముందు అత్తమ్మ వేసిన పిడికెడు అడుగున చిన్న కుప్పగా ఉంది.

ఆయన వంట బియ్యంలో చెయ్యి పెట్టి పిడికెడు తీశారు. ఆ కుప్ప చెదరకుండా, దాని పక్కన పోశారు.