అవ్వ ఊరి మీదుగా వచ్చిన నీళ్లు

నా చిన్నప్పుడు మా ఎడపల్లి వైపు ఆడపిల్ల ఏడో తరగతి దాటితే చదువు దాదాపు ఆగిపోయినట్టే. రోజూ బోధన్ దాకా పంపడానికి ఇళ్లల్లో ఒప్పుకునేవారు కాదు. మా అక్క అప్పటికే ఏడు పూర్తిచేసి ఇంట్లో ఉంది, నా వంతూ వచ్చింది. అప్పుడే అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, మా ఇంటికి వచ్చింది. నిజామాబాద్‌లో మిషన్ బడిలో పంతులమ్మగా చేసిన మనిషి. మా ఇద్దరికీ ఇంట్లోనే చెప్పి మెట్రిక్ ప్రైవేటుగా రాయిస్తానంది.

మా నాన్న, బాపు, సరేనన్నాడు గాని, ఏ పుస్తకాలతో చెప్పాలన్న దగ్గర తకరారు వచ్చింది. ఆయన ప్రశ్నలూ జవాబులూ ఉన్న గైడ్లు కట్టగా తెచ్చాడు. చిన్నమ్మ వాటిని పక్కన పెట్టి, చరిత్రతో మొదలుపెడతానంది. ఏ కాలం చదివితే ఆ కాలపు భూగోళం, లెక్కలు, సైన్సు దాని వెంటే వస్తాయట. ఇద్దరికీ పాఠం ఒకటే. అక్క వివరంగా రాయాలి, నేను తెలిసినంత నోటితో చెప్పాలి.

"సచ్చిపోయిన రాజుల సంగతి పిల్లలకెందుకు? పరీక్షల లెక్కలడుగుతరు" అన్నాడు బాపు.

"ఒక్క నెల సూడు బావా. నచ్చకపోతె నీ గైడ్లే చెప్త" అంది చిన్నమ్మ.

అలా అందే గాని, నచ్చకపోతే ఆమె ఇక ఉండదని, మా చదువు కూడా ఆమెతోనే పోతుందని మా ఇద్దరికీ తెలుసు.

మొదటి రోజు ఆమె పుస్తకమే తెరవలేదు. మన చేన్లో చెరకు ఎప్పటి నుంచి ఉందని అడిగింది. ఎప్పుడూ ఉన్నదే అనుకున్నాం మేము. బాపు తల్లిని అడగమంది. ఆమెను ఇంటిల్లిపాదీ అవ్వ అనే పిలిచేవాళ్లం. అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ, తలెత్తకుండానే చెప్పింది.

"కాలువ నీళ్లొచ్చినంక. గంతకు ముందు జొన్నలే."

"నీళ్లు యాడికెల్లి వచ్చినయవ్వా?" అని అడిగాను.

"నా ఊరి మీదికెల్లి."

గుమ్మంలో ఉన్న బాపు అక్కడే ఆగిపోయాడు. నిజాంసాగర్ కట్టినప్పుడు మునిగిన ఊళ్లలో అవ్వ పుట్టిన ఊరు ఒకటట. అప్పటికి బాపు చంకలో పిల్లాడు. మరి నాకెందుకు చెప్పలేదని ఆయన అడిగితే, "ఎవ్వలడిగిండ్రు బిడ్డా?" అంది అవ్వ.

అది వానలు సరిగా పడని ఏడాది. ఎండాకాలంలో నిజాంసాగర్ నీళ్లు బాగా వెనక్కి పోయాయి. ఆ వారంలోనే అందరం బస్సెక్కి అక్కడికి పోయాం, బాపుతో సహా. ముందు కట్ట చూశాం. అంత రాతిని మనుషులే పేర్చారంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇక్కడి నుంచి మన చేను దాకా నీళ్లు వాటంతటవే పారాలంటే నేల ఎంత వాలుగా ఉండాలో లెక్క కట్టమంది చిన్నమ్మ అక్కను. బాపు పక్కన నిలబడి విన్నాడు.

తర్వాత లోపలి వైపు, నెర్రెలు విచ్చిన ఒండ్రు మీద నడిచాం. మొదట అవ్వ నా భుజం పట్టుకుని నడిచింది. ఎక్కడ వదిలేసిందో గాని, కాసేపటికి ముందు తనే పోతోంది. మోకాలెత్తు గోడల మొదళ్లు దాటింది, పూడిపోయిన బావిని చుట్టి వచ్చింది, ఒకచోట చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగుర్రి. చెప్పులిడ్సుర్రి. గిది మా గడప."

అక్కడ గడప లేదు. మధ్యలో అరిగిన ఒక పొడవాటి రాయి ఉంది, అంతే. బాపే ముందుగా చెప్పులు విడిచాడు. అవ్వ లోపలికి నడిచి ఇది పశువుల పాక అంది, ఇది పొయ్యి అంది. "గిక్కడ్నే మా అవ్వ నాకు జడేస్తుండె" అంది. చుట్టూ బీటలు వారిన మట్టి, పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. అయినా ఆమె చెయ్యి చూపిన చోటల్లా గోడలు లేచి నిలబడుతున్నట్టే ఉంది.

బాపు వంగి ఆ రాతిని తాకాడు. "నన్ను గీడికి తెచ్చినవా అవ్వా?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు.

"గీ రాయి పక్కనే పండవెట్టిన నిన్ను" అంది.

మర్నాడు చిన్నమ్మ మమ్మల్ని కూర్చోబెట్టగానే బాపు వచ్చి చాప అంచున కూర్చున్నాడు. "నువ్వు చెప్పేదే చెప్పు. నేను సుత ఇంట" అన్నాడు. ఆ తర్వాత గైడ్ల మాట ఎత్తలేదు. అక్క మెట్రిక్ పాసైంది, ఆమె వెనక నేనూ పాసయ్యాను.

ఇప్పుడు పిల్లలకు ఏ పుస్తకంతో మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే, ముందు ఇంట్లో పెద్ద మనిషి దగ్గర కూర్చోబెట్టమంటాను. నా సంగతంటారా, కాలువకు నీళ్లు వదిలినప్పుడు చూడటానికి పోతాను. ఆ నీళ్ల పక్కన గట్టు మీద మాత్రం నేటికీ చెప్పులేసుకుని నడవలేను.