నాలుగు వేళ్ల నీటిబల్లి

మా వంటింటి గట్టు మీద ఈ సాయంత్రం నుంచి ఒక గాజు తొట్టి ఉంది. స్నేహితుడు చేపల దుకాణం మూసేస్తున్నాడని మావారు దాన్ని మా అమ్మాయి కోసం తెచ్చారు. అందులో వేలెడంత పొడవున్న నల్లటి ప్రాణులు రెండు, గాజుకు పొట్టలు ఆనించి కదలకుండా నిలబడ్డాయి. ఆ పొట్టలు మాత్రం నిప్పు రంగు, మీద నల్లటి మచ్చలు. ఐదేళ్ల మా పిల్ల అప్పటికే తొట్టిలో చెయ్యి పెట్టేసింది. ఆ చేతుల్ని సబ్బుతో మూడుసార్లు కడిగాను. అయినా వేళ్ల సందుల్లోంచి నాచు, తడి రాయి, కొంచెం ఇనుము కలిసినట్టుండే వాసన పోలేదు. ఆ వాసన నాకు తెలుసు. ఇదే రాయచూరులో, ఎనిమిదేళ్ల వయసులో, ఆ వాసన ఉన్న నీళ్లను ఒక మనిషి చేత తాగించాను. ఇల్లంతా నిద్రపోయింది. నాకు నిద్ర రాక ఇది రాస్తున్నాను.

అప్పట్లో మా ఇల్లు పత్తి బజారు వెనక సందులో ఉండేది. చలికాలం వచ్చిందంటే పత్తి కుక్కిన బోరేల మీద బోరేలు పేర్చుకుని బండ్లు బారులు తీరేవి, జిన్నింగు మిల్లు చప్పుడు గోడల్లోంచి మంచాల్లోకి వచ్చేది, పత్తి నూగు గాలికి లేచి ఆరబెట్టిన అప్పడాల మీద, తోడుకున్న పెరుగు మీద, మా కనురెప్పల మీద కూడా వాలేది. నాయన తల్లిని మేం అవ్వ అనేవాళ్లం. ఆమె పొద్దున్నే పెరుగు మీది నూగును చెంచాతో తీసి పారేస్తూ మిల్లును తిట్టేది. తిట్టడానికి ఆమెకు ఇంకో కారణం ఉంది. నాయన తమ్ముడు, మా చిన్నాయన, గింజ ఎట్లా విడుతుందో చూద్దామని మిల్లులో రోలరు దగ్గర చెయ్యి పెట్టాడు. ఎడమ చేతి చివరి రెండు వేళ్లు అందులోనే పోయాయి. మాన్వి ఊళ్లో ఖాయమైన పెళ్లి సంబంధం కూడా ఆ వేళ్లతోనే పోయింది.

నేను గచ్చకాయలు ఆడుకుంటుంటే చిన్నాయన పిలిచేవాడు. "ఇగో బిడ్డా, చిటికెన వేలు దురద వెడ్తుంది, జర గోకు."

"ఏది, లేదు గదా!" అని మొదట్లో నవ్వేదాన్ని. తర్వాత ఆయన చూపించిన చోట, మొండిభాగానికి రెండంగుళాల అవతల, ఉత్త గాలిలో గోళ్లు ఆడించేదాన్ని. "ఆఁ, ఆడనే," అని ఆయన కళ్లు మూసుకునేవాడు. ఒక్కోసారి నా గోళ్లకు అక్కడ ఏదో తగిలినట్టుండేది. ఒళ్లు జలదరించినా చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని కాదు. నా లోకంలో నాకు కావాల్సింది ఒక్కటే, చిన్నాయన వేళ్లు మళ్లీ రావాలి.

ఆ చలికాలమే ఆయన హైదరాబాదు నుంచి నీళ్లు నింపిన కవరులో ఆ రెండింటినీ తెచ్చాడు. అవ్వ దూరంగా జరిగింది. "ఏందిరా ఇది? బల్లి మీద వడ్తెనే తానం జేస్తం, నువ్వు పైసలిచ్చి ఇంట్లకే తెస్తివా?"

"బల్లి గాదమ్మా, చేపంట. అంగడాయన జెప్పిండు."

"కాళ్లున్న చేపనా? అయితే చెప్పుల జోడు గూడ కొనకపోయినవ్?"

పక్కింటి ఖాలా గోడ మీంచి తొంగి చూసి "పానీకీ ఛిప్‌కలీ", నీటిబల్లి అని తేల్చేసింది. చిన్నాయన ఊరుకోలేదు. గోడ మీది బల్లిని గాజు గ్లాసు కింద బంధించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి నాకు చూపించాడు. బల్లి ఒళ్లు పొడిగా గరుకుగా ఉంది, కాలికి ఐదు వేళ్లు, చివర గోళ్లు. దీని ఒళ్లు తడిగా ఉంది, గోళ్లు లేవు, ముందు కాళ్లకు నాలుగేసి వేళ్లే. "సూడు, దీనికి నాకంటె ఒక్కటే ఎక్కువ," అని ఎడమ చెయ్యి చాపి నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. వాటిని న్యూట్లంటారని కాలేజీలో జువాలజీ చదివినప్పుడు గానీ నాకు తెలియలేదు.

మాది మాంసం పేరెత్తితే నోరు కడుక్కునే ఇల్లు. కాబట్టి వాటికి మేం తినేదే పెట్టాం. పెరుగన్నం, నానబెట్టిన అటుకులు, ఎళ్లమావాస్య పండుగ నాడు నువ్వులద్దిన సజ్జ రొట్టె తునకలు. మెతుకులు ఉబ్బి నీళ్లు తెల్లబడ్డాయి. అవి దేన్నీ ముట్టకుండా మా వైపే చూస్తుండేవి. ఒకరోజు నీళ్లలో సన్నటి తొడుగు ఒకటి తేలింది, నాలుగు వేళ్లతో సహా. విడిచిన చర్మం అది. విడిచిందే దాన్ని మెల్లగా మింగేసింది. ఇంకో వారానికి ఒకదాని ముందు కాలు లేదు. ఆకలికి రెండోది కొరికేసింది.

"మనింట్ల ఉండి మాంసం దినె," అని అవ్వ చెవులు మూసుకుంది.

ఆ రోజు నుంచి చిన్నాయన అవ్వకు తెలియకుండా స్నానాలు చేసే బచ్చలి వెనక తడి మట్టిలో వానపాములు తవ్వేవాడు. వాటిని ఉంచిన మట్టికుండను తడి ఇసుకలో, బచ్చలి మూల చీకట్లో పెట్టాడు. ముందురోజు పట్టి ఉంచిన నీళ్లే పోసేవాడు. సంక్రాంతి వెళ్లాక తెగిన చోట ఆవగింజంత తెల్లటి మొటిమ లేచింది. అది సాగింది, చివర చీలింది, గాజులాంటి వేళ్లు బయటికొచ్చాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎండలు ముదిరేసరికి అది ఆ కాలితో కుండ అంచు పట్టుకుంది. చిన్నాయన రోజూ ఆ మూల కూర్చునేవాడు. ఎడమ చెయ్యి నీళ్లలో ముంచి, చాలాసేపు.

నేను భయపడి జ్వరం తెచ్చుకున్నప్పుడల్లా ఖాలా దర్గా నుంచి దువా చదివి ఊదిన నీళ్లు తెచ్చేది, అవ్వ నా చేత తాగించేది, జ్వరం తగ్గేది. అంటే మహిమ ఏదైనా నీళ్లలోనే ఉంటుంది, చెయ్యి ముంచితే చాలదు, తాగాలి. నాకు తోచింది అదే. కుండలోంచి అర గ్లాసు తీసి చిన్నాయన ఇత్తడి చెంబులో కలిపాను. ఆయన చెంబు పైకెత్తి తాగుతుంటే తలుపు వెనకనుంచి ఆ గొంతు కదలడం చూశాను. మూడు రోజులు అట్లాగే చేశాను.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన పెదాలు మొద్దుబారాయి. వాంతులు ఆగలేదు, కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. డాక్టరు మంచం పక్కన కూర్చుని "ఏం తాగినవ్?" అని అడిగాడు. నేను చెప్పాలి. చెప్తే బతుకుతాడు, చెప్పకపోతే చచ్చిపోతాడు అనుకున్నాను. తలుపు చాటుకు జరిగాను. చిన్నాయనే "బజార్ల మజ్జిగ తాగిన సార్" అన్నాడు. అది ఆ ప్రాణుల విషమో, ఆ నీళ్ల మురుగో నాకిప్పటికీ తెలియదు. రెండు రోజులకు ఆయన లేచి కూర్చున్నాడు. అప్పటికే అవ్వ కుండ ఎత్తుకెళ్లి సందు మురుగు మోరీలో బోర్లించేసింది. చాలా ఏళ్లు ఆ మోరీ దాటాలంటే పరుగెత్తేదాన్ని.

మా అమ్మాయి పుట్టినప్పుడు చిన్నాయన ఆస్పత్రికి వచ్చాడు. పిల్ల వేళ్లు ఒక్కొక్కటే ముట్టుకుని, తలెత్తకుండా అన్నాడు. "ఆ నీళ్లు నువ్వే కల్పినవని నాకు మొదటి దినమే ఎర్కనే బిడ్డా."

"మరెందుకు తాగినవ్ చిన్నాయనా? నేనేడుస్తననా?"

"నీ కోసం గాదు. మూడు దినాలు లేస్తనే చెయ్యి సూస్కుంటుంటి."

ఇప్పుడు మిల్లు లేదు, ఆ స్థలంలో ఫ్లాట్లు కట్టారు. పాత ఇల్లు పడగొట్టి దుకాణాలు వేశారు. ఖాలా వాళ్లు ఎటు వెళ్లారో తెలియదు. పెరుగు మీద పత్తి నూగు చూసి ఎన్నేళ్లయిందో. చిన్నాయన పోయి రెండేళ్లవుతోంది.

షుగరుతో మా మామగారి కాలి వేలు తీసేసి ఇంకా నెల కాలేదు. ఇందాక పడుకునే ముందు పిల్ల అడిగింది, "మమ్మీ, వీటికి కాలు తెగితే మళ్ల వస్తదంట, డాడీ చెప్పిండు. తాతకు గూడ వస్తదా?"

తెల్లారగానే తొట్టి తిరిగి పంపించేయమని మావారితో చెప్పాలి. లేచి మామగారి గదిలోకి వెళ్లి, తలాపున ఉన్న చెంబులో నీళ్లు పారబోసి, కొత్తవి నింపి పెట్టాను. వాటికి ఏ వాసనా లేదు. అయినా ముందు నేనే ఒక గుక్క తాగి చూశాను.