ముందు నడిచినవాడు

అల్వాల్ పార్కులో రోజూ కలిసి నడిచే మేం నలుగురం సికింద్రాబాద్‌లో రైలెక్కి అనంతగిరి గుట్టలకు వెళ్లాం. కొండెక్కేటప్పుడు అందరికంటే నెమ్మదిగా నడిచేవాడు ముందుండాలని మా నియమం. అప్పుడు ఎవరూ వెనకబడరట. దిక్కుమాలిన తెలివి.

సగం దారిలో ముందున్న మిత్రుడు వెనక్కి తిరగకుండానే, "జెర ఆగుదమా?" అన్నాడు.

"ముంగట నువ్వే ఉన్నవ్ కద, నీ ఇష్టం," అన్నాం.

మమ్మల్ని ఆపడానికి మొహమాటపడి నడుస్తూనే పోయాడు. మేం లోయ బాగుందని ప్రతి మలుపులోనూ ఫోటోలు తీశాం. పైకి చేరగానే బండ మీద కూలబడ్డాడు. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు.

దినాలయ్యాక వాళ్లావిడ అడిగింది: "ఆ రోజుది ఒక్క ఫోటో ఉంటే పంపుండ్రి అన్నా, మొఖం చూసుకుంట."

ముగ్గురం ఫోన్లన్నీ వెతికాం. అన్నింట్లోనూ అతని వీపే ఉంది.