మత్‌నజర్‌కు సలాం

ఖీవా ఊళ్లో పాతకాలాన్ని పొగడటంలో పోషాజోన్‌ను మించినవాళ్లు లేరు. సందలీ గురించి ఆమె చెబుతుంటే వినేవాళ్ల కళ్లు చెమర్చాల్సిందే. గుంటలో నిప్పులు, పైన పొట్టి బల్ల, బల్ల మీద బొంత, ఆ బొంతలో కాళ్లు దూర్చుకుని ఇంటిల్లిపాదీ ఒకచోట. ఇప్పుడు గోడకో గ్యాస్ పొయ్యి వచ్చి ఎవరి గదిలో వాళ్లు ముడుచుకున్నారని ఆమె బాధ. ఆ సందలీ పొగకు చలికాలమంతా తలకు గుడ్డ బిగించుకుని అత్తగారిని తిట్టుకుంటూ తిరిగింది కూడా ఈమే. ఆ మాట గుర్తుచేస్తే, "గప్పటి తలనొప్పి గూడ మంచిగుండె" అంటుంది.

పగిలిన చాయ్ కూజాలకు ఇత్తడి కుట్లు వేసే మనిషి వీధిలోకి రావడం మానేశాక ఖీవా సగం చచ్చిపోయిందని ఆమె లెక్క. అతను తిరిగిన రోజుల్లో, కుట్లు వేసిన కూజా కారుతోందని వీధి చివరి దాకా వెంటపడి దులిపింది ఎవరో అడక్కండి.

ఆమె ఖల్ఫా. పెళ్లిళ్లలో ఆడవాళ్ల మధ్య కూర్చుని, ఒళ్లో గార్మోన్ పెట్టుకుని వాయిస్తూ పాడుతుంది. పాటలు ఎవరైనా పాడతారు. పోషాజోన్ పేరు మోగింది మాత్రం పెళ్లి మర్నాటి పొద్దున చెప్పించే సలాములతో. కొత్తకోడలు ముసుగు వేసుకుని వాకిట్లో నిలబడుతుంది. ఖల్ఫా అత్తింటి మనుషుల్ని ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తుంది. పిలిచినప్పుడల్లా కోడలు వంగి సలాం చేస్తుంది. మిగతా ఖల్ఫాలు ఇలాంటప్పుడు అందరినీ పొగుడుతారు. పోషాజోన్ పొగడదు. పిసినారి బాబాయి ఉంటే, "సంచి తెచ్చిండు, తాళం ఏసిండు, తాళంచెవి ఇంట్ల మరిచిండు" అని పాడి సలాం చెప్పిస్తుంది. ఆ బాబాయి చచ్చినట్టు నవ్వి కానుక ఇచ్చుకోవాలి.

సొంత కొడుకునూ వదల్లేదు. చుట్టాలింట ఏ పెళ్లయినా, "పని జెప్తె నడుము నొప్పి, పలావంటె పరుగే పరుగు, మా మత్‌నజర్‌కు సలాం" అనేది. మత్‌నజర్ బొచ్చుటోపీ చేత్తో పట్టుకుని అందరికంటే గట్టిగా నవ్వేవాడు. అది నిజం కాబట్టి నవ్వేవాడు. ఒక చలికాలం ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. అప్పటినుంచి ఆమె మనసులో ఒకటే కోరిక. మనవడు సర్దోర్ పెళ్లిలో, కొడుకు కట్టించిన వాకిట్లో, కొడుకు పేరు తన నోటితో పిలవాలి. ఆ ఇంటికి వచ్చే కోడలు ఆ పేరుకు ఒక్కసారి వంగాలి.

సర్దోర్ తాష్కెంట్‌లో రెండేళ్లు చదివి, చదువు సంగతి ఎలా ఉన్నా, యాసను మాత్రం శుభ్రంగా కడిగేసుకుని వచ్చాడు. టీవీలో వార్తలు చదివినట్టు నానమ్మను పలకరించాడు. తాష్కెంట్ పిల్ల నిగోరాతో సంబంధం కుదిరింది. పెళ్లి పనులు మొదలయ్యాక, మత్‌నజర్ భార్య ఇక్బాల్ గొంతు సవరించుకుని అత్తగారి దగ్గర కూర్చుంది.

"అత్తా, ఏమనుకోకు. సలాములకు ఉర్గెంచ్ నుంచి మైకాయనను మాట్లాడినం. వాళ్లు తాష్కెంటోళ్లు. మన మాట వాళ్లకు తెలువది, నవ్వుతరు."

"నవ్వనీ. నవ్వెతందుకే గద నేను జెప్పేది."

"నీ మాటకు నవ్వుతే మంచిదే. మన యాసకు నవ్వుతరని నా భయం."

పోషాజోన్‌కు ఒళ్లు మండింది. కానీ ఇక్బాల్ మొగుడు పోయిన మనిషి, కొడుకు పెళ్లి పరువుగా జరగాలని చూస్తోంది. ఆమెతో పోట్లాడే మొహం లేక గార్మోన్‌ను గుడ్డలో చుట్టి పరుపుల వెనక పెట్టేసింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పొద్దున మాత్రం రెండు పూటలది కలిపి తిన్నది.

మైకాయన పేరు జాసుర్. బిగుతు సూటు, మొనదేలిన బూట్లు, బీరువా అంత స్పీకరు. సలాములు తను చెప్పడట, ఫోనులో తయారుగా ఉన్నాయట. తాష్కెంట్‌లో మంచి గొంతున్న అమ్మాయితో చెప్పించినవి. మామగారు, అత్తగారు, బావగారు, మరిది అంటూ వరసలే తప్ప పేర్లు ఉండవు, ఎవరింట్లో అయినా సరిపోతాయి. ఎంత సౌకర్యమో చూడండి, ఇంట్లో మనుషులెవరో తెలుసుకునే పని కూడా లేదు. జాసుర్ తెలుసుకోలేదు. చెప్పాలని ఈ ఇంట్లోనూ ఎవరికీ తోచలేదు.

పెళ్లి మర్నాడు పొద్దున మీట నొక్కాడు. తేనె పూసిన గొంతు వాకిలంతా పరుచుకుంది. "ఈ ఇంటికి మూలస్తంభం, ఎదురుగా చిరునవ్వుతో కూర్చున్న మా మామగారికి సలాం."

నిగోరా నేర్పినట్టే వంగింది. ఎదురుగా మామగారు లేడు. గోడవారన ఖాళీ పరుపు ఉంది. ఇక్బాల్ కొంగు నోట్లో కుక్కుకుంది. జాసుర్ కంగారులో మీట తప్పు నొక్కేసరికి ఆ అమ్మాయి మళ్లీ మొదలుపెట్టి, చిరునవ్వుతో కూర్చున్న మామగారికి ఇంకో సలాం చెప్పమంది. కోడలు పాపం మళ్లీ వంగింది.

అప్పుడు పోషాజోన్ లేచి స్పీకరు తీగ లాగేసింది. గార్మోన్ కోసం ఎవరూ వెళ్లలేదు, ఆమె అడగనూ లేదు. ఉత్త గొంతుతోనే ఎత్తుకుంది.

"పని జెప్తె నడుము నొప్పి, పలావంటె పరుగే పరుగు. కోడలి చేతి పలావు తినకుంట తొందరపడి ముందే పోయె. మా మత్‌నజర్‌కు సలాం."

చివరికి గొంతు విరిగింది. నిగోరాకు ఆ యాస ఎంత అర్థమైందో దేవుడికే తెలియాలి. పేరు మాత్రం అర్థమైంది. ఖాళీ పరుపు వైపు తిరిగి నేలకు చేతులు తగిలేదాకా వంగింది. వాకిలి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. పెళ్లికూతురి అన్న ఇదంతా ఫోనులో పట్టాడు.

వారం తిరక్కుండా ఆ వీడియో ఖోరెజ్మ్ సీమంతా తిరిగింది. నిన్నటిదాకా దాచుకున్న యాస రాత్రికి రాత్రే ముచ్చటైపోయింది. తాష్కెంట్‌వాళ్లు సైతం "అసలైన పాత రుచి" అని మెచ్చుకున్నారట. పోషాజోన్ గార్మోన్ గుడ్డ విప్పి, తుడిచి, పిలుపుల కోసం కూర్చుంది. పొగడ్తలు వచ్చాయి, పిలుపులు రాలేదు.

ఎందుకో చేతికి పంట వచ్చే వేళకు తెలిసింది. పక్కింటి కుత్లీమురాద్ కొడుకు పెళ్లికి ఆమెను పిలిచారు, తినడానికి. మర్నాడు పొద్దున జాసుర్ మీట నొక్కగానే స్పీకర్లోంచి, ఆ వీడియోలోంచి కోసుకున్న ఆమె గొంతే వచ్చింది. "కోడలి చేతి పలావు తినకుంట తొందరపడి ముందే పోయె. మా..." అని ఒక క్షణం ఏమీ వినిపించలేదు. తర్వాత "సలాం". కుత్లీమురాద్ పలావు పళ్లెం పక్కన పెట్టి, మూతి తుడుచుకుని, తనను చచ్చిపోయాడన్న సలామును సంతోషంగా అందుకున్నాడు.

పోషాజోన్ జాసుర్ దగ్గరికి వెళ్లింది.

"నా కొడుకు పేరేదిరా?"

"తీసేయాల్సి వచ్చింది అవ్వా," అన్నాడు మర్యాదగానే. "అందరి ఇళ్లకూ సరిపోవాలి కదా."

తిడుతుందని అందరూ చూశారు. తిట్టలేదు. ఇంటికి వెళ్లి తలుపేసుకుని ఏడ్చింది. కొడుకు పోయినప్పటికంటే ఈసారే ఎక్కువ ఏడ్చానని తర్వాత ఇక్బాల్‌తో చెప్పింది.

ఆపైన పిలిచినా పిలవకున్నా ప్రతి పెళ్లికీ వెళ్లడం మొదలుపెట్టింది. స్పీకరు పక్కనే కూర్చుంటుంది. ఆ ఖాళీ వచ్చేసరికి "మత్‌నజర్‌కు" అంటుంది, అరవకుండా, వినిపించేలా. మొదట్లో జనం ఇబ్బంది పడ్డారు. తర్వాత పక్కనున్న ఆడవాళ్లు ముసలిదాని మనసు నొప్పించడమెందుకని గొంతు కలిపారు. కొన్నాళ్లకు ఆమె లేని పెళ్లిళ్లలోనూ ఆ ఖాళీలో ఆ పేరు అనడం అలవాటైపోయింది. నిన్నగాక మొన్న పుట్టిన ఆచారాలంటే పోషాజోన్‌కు ఎంత మంటో ఊరందరికీ తెలుసు. దీని మీద మాత్రం ఇంతవరకు పల్లెత్తు మాట అనలేదు.

మొన్నొక పెళ్లిలో, కొత్తకోడలు ముసుగు సందులోంచి మత్‌నజర్ ఎవరని గుసగుసగా అడిగింది. ఆ ఇంటి పెద్దావిడ తడుముకోకుండా చెప్పింది.

"మహిమలు గల్ల పెద్ద ఔలియా, బిడ్డా. ఖాన్‌ల కాలం నుంచి మన ఆడోళ్లు ఆయనకు మొక్కుతున్నరు. వంగు."

పక్కనే ఉన్న పోషాజోన్ విన్నది. పని చెబితే నడుము నొప్పి అని పడుకునే తన కొడుకు, ఔలియా. పెదవి కొరుక్కుని, కళ్లు తుడుచుకుంది.

"ఇంకింత వంగు బిడ్డా," అన్నది.