మందుల పెట్టెకు ఎండ కరెంటు

ఏడో తరగతిలో నేను చదువు మానేశాను. చదువే వీణ్ణి మానేసిందని మా బాపు ఊరంతా చెప్పేవాడు. ఎవరి మాట నిజమైనా, కరీంనగర్‌లో లారీ బ్యాటరీలు బాగుచేసే ఒక ఉస్తాద్ దగ్గర పనికి కుదిరాను. పెళ్లై ఇద్దరు పిల్లలు పుట్టినా ఆ దుకాణం వదల్లేదు.

ఉస్తాద్ ఒకప్పుడు కరెంటు స్తంభం మీది నుంచి పడ్డాడు. అప్పటి నుంచి ఎడమ మోకాలు వంగదు. ఆయన కాలు నిచ్చెన ఎక్కదు, నా తలకు లెక్కలెక్కవు. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మనిషి. సోలార్ ప్లేట్ల పని వచ్చాక మా పద్ధతి ఇదే. ఆయన కింద కుర్చీలో మీటర్ పట్టుకుని కూర్చుంటాడు, నేను పైనుంచి చూసింది చెప్తాను. నాతో వచ్చిన చిక్కేమిటంటే, చూసింది చూసినట్టు చెప్పను. నాలుగు మాటలు కలిపి చెప్తాను.

ఎనభైల చివరలో ఆదిలాబాద్ జిల్లా లోపలి గుట్టల్లో ఒక ఊరికి వెళ్లాం. బస్సు దిగాక సామానంతా ఎడ్లబండిలో వేసుకుని రెండు వాగులు దాటాలి. బండి కుదుపులకు బ్యాటరీలోని ఆసిడ్ ఒలకకుండా ఉస్తాద్ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన లుంగీకి ఆసిడ్‌తో పడిన చిల్లుల్ని చూపించి, గాలి బాగా ఆడుతుందా అని అడిగాను. ఆయన బ్యాటరీ మూతలు ఒక్కొక్కటే మళ్లీ బిగించుకున్నాడు.

ఆ ఊళ్లో రెండు గదుల దవాఖాన, ఒక నర్సమ్మ ఉన్నారు. కరెంటు స్తంభం మాత్రం లేదు. టీకాల మందు చల్లగా ఉంచడానికి ఎండతో నడిచే ఫ్రిజ్ ఒకటి పంపారు. దాన్ని బిగించడానికే మేం వెళ్లింది. నర్సమ్మది పెద్దపల్లి దిక్కు. మంచినీళ్లిచ్చి వెంటనే అసలు సంగతి చెప్పింది.

"అన్నా, ఎల్లుండి పొద్దుగాల మందొస్తది. ఏడూళ్ల తల్లులకు కబురు పెట్టిన. పోయినతాప దారిల ఐసు కరిగి మందంత పారబోసిన. ఒకామె వాగు దాటి సంకల పిల్లను ఏసుకొని వచ్చింది, ఉత్తగనే పంపిన. మల్ల గట్లనే అయితే ఇగ వాళ్లు నా మొకం జూడరు."

"ఫికర్ చెయ్యకు బిడ్డా," అన్నాడు ఉస్తాద్.

"ఆయన ఫికర్ చెయ్యకన్నడంటే, మొత్తం ఆయనే చేస్తడన్నట్టు," అన్నాను నేను.

ఆ సాయంత్రానికి డాబా మీద ఇనుప స్టాండు నిలబెట్టి, నాలుగు ప్లేట్లు బిగించాను. మర్నాడు పొద్దున ఫ్రిజ్‌కు వైరు కలిపాం. అది ఒకసారి మూలిగి ఊరుకుంది. ఉస్తాద్ బ్యాటరీ దగ్గర మీటర్ పెడితే పన్నెండు వోల్టులు దాటింది. ఫ్రిజ్ దగ్గర పెడితే పదిన్నర. ఆయన అరచేతిని వైరు మీద ఆనించి, జ్వరం చూసినట్టు కొంచెం సేపు ఉంచాడు.

"ఇగో, పట్టు. వెచ్చగ లేదా?"

"ఉన్నది ఉస్తాద్. చలికాలంల మంచిదేనాయె."

"ఫ్రిజ్‌కు పోయే కరెంటు దారిలనే ఖర్చైతున్నది ర. పంపినోళ్లు ఇంటి బల్బుకు ఏసే సన్న వైరు పంపిండ్రు. ఇది పన్నెండు వోల్టుల పని. వోల్టు తక్కువుంటే కరెంటు ఎక్కువ గుంజుతది. దానికి బాట వెడల్పుండాలె."

లావు వైరు కావాలంటే ఆదిలాబాద్ పోయి రావాలి, రెండు రోజులు. ఆయన ఆ మాటే ఎత్తలేదు. అవతలి గదిలో ఉన్న బ్యాటరీని ఫ్రిజ్ పక్కకు జరిపించాడు. మిగిలిన సన్న వైరును మూడు పేటలు చేసి, జడ అల్లినట్టు అల్లాడు. కొసలు గీకి, మెరిసే దాకా రుద్ది, ఒక్కో మరను తన చేత్తోనే బిగించాడు. నేను బిగించిన వాటిని కూడా విప్పి మళ్లీ బిగించాడు. పదకొండు గంటలకు ఫ్రిజ్ సన్నగా, ఆగకుండా రొద చేయడం మొదలుపెట్టింది. నర్సమ్మ తలుపు మీద చెయ్యి వేసి చూసింది.

నేను సామాను సర్దబోయాను. ఉస్తాద్ లేవలేదు. ప్లేట్ల నుంచి కరెంటు ఎంత వస్తుందో చూపే, గోడకు బిగించిన చిన్న మీటర్ సూదినే చూస్తున్నాడు.

"గీ ఎండకు తొమ్మిది దాకా రావాలె. నాలుగు కాడ్నే ఉన్నది. అట్లైతే బ్యాటరీల పోసేదానికంటె తీసేదే ఎక్కువ. రాత్రి నడుమల ఫ్రిజ్ ఆగుతది."

నన్ను పైకి పంపాడు.

"ఏం కనవడ్తున్నది?"

"ఎండ కొడ్తున్నది. ఎక్కువ నా నెత్తి మీదనే కొడ్తున్నది."

"చెట్టు నీడ?"

"లేదు."

"మరలు?"

"బిగువే. మా అత్త పిడికిలంత బిగువు."

వైర్లన్నీ మళ్లీ చూశాం. స్టాండును ఎండకు ఎదురుగా తిప్పాం. సూది కదల్లేదు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఆయన కుర్చీని నిచ్చెన మొదట్లోకి జరుపుకున్నాడు. కేకలు వేయలేదు. మెల్లగా, ఒక్కో మాట విడిచి విడిచి అడిగాడు.

"జర పరాచికాలు పక్కన పెట్టు. నిన్న పైకెక్కినప్పటి సంది ఏమేం చేసినవో వరుసగ చెప్పు. దేన్నీ ఇడిశిపెట్టకు."

స్టాండు, మరలు, ప్లేట్లు, వైర్లు, అన్నీ వరుసగా చెప్పాను. "అటెనుక నర్సమ్మనడిగి పసుపు తెచ్చిన. మన దుకాణంల కొత్త బ్యాటరీకి బొట్టు పెడ్తం గద. ఇది ఊరికి మొదటి కరెంటాయె. ప్లేట్లకు కింది అంచు పొడుగునా గడపకు పూసినట్టు పసుపు పూసి, మీద కుంకుమ బొట్లు పెట్టిన. మస్తు మంచిగున్నది ఉస్తాద్."

ఉస్తాద్ కళ్లు మూసుకున్నాడు. తిడతాడనుకుని నిచ్చెన రెండు మెట్లు పైకే జరిగాను.

"ఎంత వెడల్పు పూసినవ్?"

"నాలుగు వేళ్లు కలిపి."

"అద్దం కింద నల్లటి బిళ్లలున్నయి గద, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నట్టు వరుసగ కలిపిండ్రు. నీళ్ల పైపు అనుకో. ఒక్క కాడ తొక్కితే ఆడ్నే తగ్గుతయా నీళ్లు? మొత్తంల తగ్గుతయి. కింది వరుస బిళ్లలను నువ్వు సగం తొక్కినవ్. పో, తడిబట్టతోని తుడువు."

ఈ సంగతి ఆయనకు ఎవరూ నేర్పలేదు. సామానుతో వచ్చిన కాగితాలు ఇంగ్లీషులో ఉండేవి. దుకాణానికి మొదటి ప్లేటు వచ్చిన రోజు ఆయన దాన్ని వాకిట్లో పెట్టుకుని, ఒక్కో బిళ్ల మీద అరచెయ్యి అడ్డం పెడుతూ, సూది ఎంత పడుతుందో చూస్తూ పొద్దంతా కూర్చున్నాడు. ఉస్తాద్‌కు పిచ్చి లేసిందని నేను బజారంతా చాటాను. ఆ రోజు నేను నవ్వుకున్న పనే ఈ రోజు నా తప్పును పట్టుకుంది. అంతకు ముందూ తర్వాతా ఎందరో చదువుకున్న వాళ్లకు పనులు చేసిపెట్టాను గానీ, తెలియని వస్తువు ముందు అంత ఓపికగా కూర్చున్న మనిషిని చూడలేదు.

ఎండిన పసుపు ఒక పట్టాన వదల్లేదు. నర్సమ్మ కుంకుడు రసం ఇచ్చింది. నాలుగో ప్లేటు తుడుస్తుండగా కింది నుంచి ఆమె గొంతు వినిపించింది. "సూది ఎనిమిది దాటింది అన్నా." నేను దిగాక ఉస్తాద్, "మొక్కుడు తప్పు గాదు. ఇనుప స్టాండుకు మొక్కు," అని పసుపు గిన్నె నా చేతికిచ్చాడు.

పొద్దు గూకే దాకా ఆ సూది దగ్గరే కూర్చున్నాడు. తర్వాత బ్యాటరీలో డిస్టిల్డ్ నీళ్లు ఎప్పుడు, ఎంత పోయాలో నర్సమ్మతోనే పోయించి నేర్పాడు. ఆ రాత్రి ఫ్రిజ్ రొద ఆగలేదు.

పొద్దున మందు మోసే మనిషి సైకిల్ నెట్టుకుంటూ వచ్చాడు. డబ్బాలో ఐసు ముక్కలు గోటంత మిగిలాయి. నర్సమ్మ ఫ్రిజ్ తెరిచి, లోపలి ధర్మామీటర్‌ను వెలుతురుకు పెట్టి చూసింది. నమ్మకం కుదరక ఉస్తాద్‌కు చూపించింది. ఐదు డిగ్రీలు, మందుకు సరిపోయే చల్లదనం. సీసాలు ఒక్కొక్కటిగా లోపల పేర్చింది. అప్పటికే వాకిట్లో పదిహేను మంది తల్లులు కూర్చుని ఉన్నారు. పోయినసారి ఉత్తగా వెళ్లిన ఆమె అందరికంటే ముందు కూర్చుంది.

మందు మనిషి ఖాళీ డబ్బా సైకిల్‌కు కట్టుకుంటుంటే నర్సమ్మ గడప దాకా వచ్చింది.

"వచ్చే నెల రెండింతలు పంపుమని చెప్పు," అంది. "రానోళ్లు వచ్చే దాకా ఈడ్నే ఉంచుత."