వినపడుతున్నంతసేపు

నిన్న సాయంత్రం ఉన్నట్టుండి గాలి లేచింది. బెజవాడలో మా ఫ్లాట్ బాల్కనీ తలుపు ధడేలుమని కొట్టుకుంది, కరెంటు పోయింది. ఆవకాయకని తెప్పించిన పచ్చికాయలు వంటింట్లో గంపలో ఉన్నాయి. దుమ్ము వాసనా మామిడి సొన వాసనా కలిసి ముక్కుకు తగలగానే వెళ్లి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఇద్దరు పిల్లల పెళ్లిళ్లు చేసినదాన్ని, అయినా ఈదురుగాలంటే నాకు ఇప్పటికీ గుండె జారిపోతుంది. "గాలికి భయపడే మనిషిని నిన్నే చూశానే" అని మా ఆయన నవ్వుతారు. నవ్వనీ, నేను ఎలాంటి గాలిలోంచి బయటపడ్డానో ఆయనకేం తెలుసు! ఆ గాలిలో పట్టుకోవడానికి నాకు ఒక ఇంగ్లీషు వాక్యం దొరికింది. దాన్ని నాచేత చెప్పించిన కామేశ్వరరావు మాస్టారి గురించి, ఆయన్ని ఎరగనివాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

అవి ఎనభైల నాటి రోజులు. విస్సన్నపేట దారిలో ఒక షావుకారు వేలంపాటలో తీసుకున్న మామిడితోటలో మా అమ్మా నాన్నా కూలికి ఉండేవారు. కాపు అయ్యేదాకా మా కాపురం తోటలోనే. బళ్లో మాకు ఇంగ్లీషు చెప్పే మాస్టారు వేసవి సెలవుల్లో నూజివీడు నుంచి సైకిలు తొక్కుకుంటూ ఆ తోటకి వచ్చేవారు. తోటల్లో ఉన్న పిల్లలు ఎలాగూ టౌనుకి ట్యూషనుకి రాలేరు, అందుకని ఆయనే వచ్చేవారు. కాయలు సర్దే రేకుల షెడ్డులో ఒక మూల, ఎండుగడ్డి మీద, మేం ఓ పదిమందిమి కూర్చునేవాళ్లం. జూన్‌లో నేను పదో తరగతికి వెళ్లాలి. ఇంట్లో ఎవరూ ఉండరని మా చెల్లెలు నాగమణిని కూడా వెంటబెట్టుకుని వెళ్లేదాన్ని. మంచి పనే చేశారాయన, కాదనను. కానీ ఆయన సైకిలు బెల్లు వినపడితే చాలు, నేను వెళ్లి అందరి వెనక నక్కేదాన్ని.

ఎందుకంటే ఆయన పద్ధతి అలాంటిది. ఏదో ఒక ఇంగ్లీషు పదబంధాన్ని చెక్కపెట్టె మీద సుద్దతో రాసేవారు. దాని అర్థం ఒకసారి చెప్పి, ఇక ఒక్కొక్కరినే లేపేవారు. లేచినవాళ్లు దాన్ని వాడుతూ సొంత వాక్యం చెప్పాలి. గైడులోది చెబితే బెత్తం దెబ్బ. తప్పు చెబితే దిద్దేవారు గానీ, అబద్ధం చెబితే మాత్రం మళ్లీ బెత్తమే. అంటే మన బతుకులో ఉన్న నిజమే ఇంగ్లీషులో చెప్పాలన్నమాట. నిలబడితే నాకు తెలుగే వచ్చేది కాదు, ఇక ఇంగ్లీషు ఎక్కడ!

ఆ రోజు 'యాజ్ లాంగ్ యాజ్' రాశారు. "ఒకటి ఉన్నంతవరకు ఇంకోటి ఉంటుందని చెప్పాలంటే ఇది వాడాలి" అని, బెత్తం నా వైపు చూపించారు. నేను లేచి, సూర్యుడు వెలిగినంతకాలం ప్రపంచం బతుకుతుందని బట్టీపట్టిన వాక్యం అప్పజెప్పాను.

"ఎవరింటి సూర్యుడమ్మా ఇతను? గైడింటి సూర్యుడేనా?" అన్నారు మాస్టారు. అందరూ ఘొల్లుమన్నారు. నా అరచెయ్యి భగ్గుమంది.

పక్కనే ఉన్న నాగమణి లేపకుండానే లేచింది. దానికి భయమనేదే లేదు, దాని వాటా కూడా దేవుడు నాకే పెట్టాడు. "యాజ్ లాంగ్ యాజ్ దేర్ ఆర్ మ్యాంగోస్, వీ విల్ ఈట్ రైస్" అంది. కాయలున్నంతకాలం మాకు అన్నం ఉంటుందని! మాస్టారు బెత్తం దించేశారు. తర్వాత మెల్లగా, "కరెక్టేనమ్మా, కూర్చో" అన్నారు.

అంతలోనే వెలుతురు మారిపోయింది. మైలవరం వైపు ఆకాశం ఇటుకపొడి రంగుకి తిరిగింది. అమ్మా నాన్నా మిగతా కూలోళ్లతో కలిసి కాయల బండితో నూజివీడు వెళ్లారు, తోటలో మాస్టారు తప్ప పెద్దవాళ్లంటూ ఎవరూ లేరు. చూస్తూండగానే గాలి వచ్చి షెడ్డు మీద పడింది. రేకులు దడదడలాడాయి, గడ్డీ దుమ్మూ లేచి పక్కనున్నవాళ్లు కూడా కనపడలేదు. అవతల కాయలు దబదబా రాలుతున్నాయి. తలుపు దగ్గర పేర్చిన చెక్కపెట్టెలు కూలాయి. చిన్నపిల్లలు గొల్లున ఏడుపందుకున్నారు. నేనూ ఏడ్చాను, దాచడం దేనికి?

"గోడకి ఆనుకుని కూర్చోండి! ఎవరూ లేవద్దు!" అని అరిచారు మాస్టారు. ఆ వెంటనే ఆయనన్న మాటకి మాకు మతిపోయింది. "వరసగా ఒక్కొక్కరూ సొంత వాక్యం చెప్పండి. యాజ్ లాంగ్ యాజ్. ఊఁ, కానివ్వండి!"

ఈయనకి పిచ్చిగానీ పట్టిందా అనుకున్నాను. కానీ ఆయనంటే గాలికన్నా ఎక్కువ భయం మాకు. చివర కూర్చున్న పిల్లాడు ఏడుస్తూనే ఒక వాక్యం అన్నాడు. తర్వాత ఇంకో గొంతు. తప్పులు దిద్దకుండా, ప్రతి గొంతుకీ "ఆఁ, ఉన్నావు. తర్వాత?" అంటున్నారాయన. అప్పుడు అర్థమైంది నాకు. ఆ చీకట్లో ఆయన మమ్మల్ని లెక్కపెట్టుకుంటున్నారు. ఆయన గొంతు కూడా మాలాగే వణుకుతోంది.

నాగమణి వంతు వచ్చింది. గొంతు లేదు. నా పక్కన తడిమి చూస్తే గడ్డి తప్ప ఏమీ తగల్లేదు.

నాకు తెలిసిపోయింది. గాలికి రాలిన కాయ ఏరుకున్నవాళ్లదేనని మా షావుకారు మాట. అందుకని గాలి లేస్తే చాలు, కూలోళ్ల పిల్లలు గంపలు పట్టుకుని చెట్లకిందికి ఉరికేవారు. కొమ్మలు విరిగి పడతాయని ఎంతమంది తిట్టినా వినేవారు కాదు. కాయలుంటేనే అన్నమని ఇప్పుడే చెప్పిన పిల్ల ఊరుకుంటుందా?

"మాస్టారూ, చెల్లి బయటికెళ్లిందండీ! కాయలకెళ్లిందండీ!" అని కేక పెట్టాను.

ఆయన చెయ్యి నా భుజాన్ని వెతుక్కుని పట్టుకుంది. "నువ్వు కదలకు. నేను తీసుకొస్తాను. దుమ్ములో షెడ్డు ఎటుందో నాకు కనపడదు. నేనొచ్చేదాకా నువ్వు వాక్యం చెబుతూనే ఉండు. గట్టిగా చెప్పు. ఆపావంటే నాకు దారి ఉండదమ్మాయ్" అని వెళ్లిపోయారు.

అప్పుడు ఎక్కడినుంచి ఊడిపడిందో గానీ, "యాజ్ లాంగ్ యాజ్ యు కెన్ హియర్ మీ, ఐ యామ్ హియర్!" అన్నాను. నా గొంతు వినపడుతున్నంతసేపు నేనిక్కడే ఉన్నట్టు. మళ్లీ అన్నాను. పెద్ద కొమ్మేదో ఫెళఫెళా విరిగింది. చెల్లి దానికింద ఉందనే అనుకున్నాను. అమ్మకి ఏం చెప్పాలి? అయినా ఆపలేదు. రేకు ఒకటి లేచిపోయి వాన మా మీద పడుతున్నా, గొంతు బొంగురుపోయినా అరుస్తూనే ఉన్నాను. పిల్లలందరూ నాతో గొంతు కలిపారు.

ఎంతసేపటికో తలుపులో రెండు ఆకారాలు కనపడ్డాయి. నాగమణి నుదురు చీరుకుపోయి నెత్తురు కారుతోంది, దొంగమొహం పరికిణీ నిండా కాయలు మాత్రం వదల్లేదు! దాన్ని కొట్టానో, కావిలించుకున్నానో గుర్తులేదు. రెండూ చేసి ఉంటాను. మాస్టారికి కళ్లజోడు లేదు, బెత్తం లేదు. గడ్డి మీద కూలబడి చిన్నపిల్లాడిలా వణికిపోయారు.

"నాకు గాలంటే చచ్చేంత భయమమ్మాయ్" అన్నారు.

"మరి ఎలా వెళ్లారండీ?"

"భయపడుతూనే వెళ్లాను. ఏం చేస్తాం మరి?" అని ముఖం తుడుచుకుని, "నీ వాక్యం కరెక్టు. ఒక్క తప్పు లేదు" అన్నారు. ఆయన నాకు ఆ మాట చెప్పడం అదే మొదలు.

మాస్టారు పోయి చాలా ఏళ్లయింది. భయం పోయాక పని చేద్దామని కూర్చుంటే ఏ పనీ కాదని ఆయన్ని చూశాకే తెలిసింది. పిల్లల కానుపులప్పుడూ, మా ఆయన ఆపరేషనప్పుడూ భయపడుతూనే నిలబడ్డాను. నిన్న కూడా చీకట్లో వణుకుతూనే నాగమణికి ఫోను చేశాను. అదిప్పుడు నూజివీడు దగ్గర సొంతంగా చిన్న తోట పెట్టుకుంది. లైను కలవలేదు. మళ్లీ చేశాను, కలవలేదు. మా ఆయన వింతగా చూస్తున్నా సరే, గదిలో నిలబడి ఆ వాక్యం పైకే అంటూ నంబరు నొక్కుతూనే ఉన్నాను. చివరికి నాగమణే తిరిగి ఫోను చేసింది. ఫోను ఎత్తేటప్పటికీ నా నోట్లో ఆ వాక్యమే ఉంది, అది హలో కూడా అనలేదు.

"వినపడుతున్నావులేవే అక్కా" అంది, గాలి హోరులోంచి. "నేను ఇంట్లోనే ఉన్నా. కాయలన్నీ రాలిపోతున్నాయి. నువ్వు మాత్రం చెబుతూనే ఉండు."